ప్యాకెట్ క్యాప్చర్: ఏం పట్టామన్నది కాదు, ఎక్కడ నిలబడి పట్టామన్నదే లెక్క

రాత్రి ఎనిమిదింటికి పటమటలోనో బ్రాడీపేటలోనో ఓ అపార్ట్‌మెంట్‌లో వీడియో ఆగిపోయి గుండ్రంగా తిరుగుతుంటుంది. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే "మా లైను బాగానే ఉందండీ, మీ వైఫై చూసుకోండి" అంటాడు. స్పీడ్ టెస్ట్ పెడితే వంద ఎంబీపీఎస్ వస్తుంది. ఎవరి మాట నిజమో తేల్చే సాక్ష్యం మాత్రం ఇంట్లో తీగల మీద పోతూనే ఉంటుంది. నెట్‌లో డేటా ప్యాకెట్లు అనే చిన్న చిన్న ముక్కలుగా పోతుంది. ఆ ముక్కల్ని ఫైల్‌లోకి పట్టుకుని తీరిగ్గా చదవడమే ప్యాకెట్ క్యాప్చర్. ఈ సరదాలో దిగేవాళ్ళు చాలామంది వైర్‌షార్క్ అనే క్యాప్చర్ ప్రోగ్రామ్ దించుకుంటారు, బటన్ నొక్కుతారు, రంగురంగుల వరసలు పరిగెడుతుంటే చూస్తారు, వారం తిరక్కుండా వదిలేస్తారు. తాము ఎక్కడ నిలబడి చూస్తున్నారో తెలియకపోవడమే అందుకు అసలు కారణం.

కాజా టోల్‌గేట్ దగ్గర కూర్చుని గుంటూరు, విజయవాడల మధ్య తిరిగే బళ్ళన్నీ రాసుకున్నామనుకోండి. తెనాలి మీదుగా పోయిన బండి మన పుస్తకంలోకి ఎక్కదు. అది అసలు బయల్దేరలేదని వాదిస్తే నవ్వుతారు. క్యాప్చర్ ఫైల్ చేతిలో పెట్టుకుని మాత్రం ఇలాంటి వాదనలే రోజూ చేస్తుంటారు.

పనిముట్ల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. కమాండ్లతో నడిచే క్యాప్చర్ ప్రోగ్రామ్ టీసీపీడంప్ 1988లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో వ్యాన్ జేకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెకేన్ రాసింది. గెరాల్డ్ కోంబ్స్ 1998లో ఈథరియల్ పేరుతో విడుదల చేసిన ప్రోగ్రామే 2006లో వైర్‌షార్క్ అయింది. పట్టిన ప్యాకెట్లని దాచే పీక్యాప్ ఫైల్ కట్టుబాటు చాలా చిన్నది. మొదట 24 బైట్ల హెడర్ (ముందుండే వివరాల భాగం), ఆ తర్వాత ప్రతి ప్యాకెట్‌కీ ముందు 16 బైట్ల చీటీ. ఎప్పుడు పట్టాం, ఎంత పట్టాం, అసలు పొడవెంత అన్నవి ఆ చీటీలో ఉంటాయి. ఎక్కడ పట్టామన్నదానికి అందులో చోటు లేదు. తర్వాత వచ్చిన పీక్యాప్‌ఎన్‌జీలో ఇంటర్‌ఫేస్ పేరు, వ్యాఖ్యలు రాసుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాన్నే వాడటం మేలు.

ఎక్కడ తగిలించాలి

ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ పెడితే ఆ ల్యాప్‌టాప్ మాటలే వినిపిస్తాయి, అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్, కొందరికి పంపే మల్టీకాస్ట్ అదనం. ఇంట్లో తీగలన్నీ కలిపే పెట్టె ఒకప్పటి హబ్ అయితే వచ్చిన ప్యాకెట్‌ని అన్ని పోర్టులకీ పంచేది. స్విచ్ అలా చేయదు, ఎవరిది వాళ్ళకే ఇస్తుంది. "ప్రామిస్క్యువస్ మోడ్ ఆన్ చేశాం, అయినా టీవీ ట్రాఫిక్ కనిపించట్లేదు" అనే ఫిర్యాదుకి జవాబు ఇదే. ఆ మోడ్‌లో నెట్‌వర్క్ కార్డు తనవి కాని ప్యాకెట్లని కూడా తీసుకుంటుంది, కానీ తీగ దాకా రాని ప్యాకెట్‌ని కార్డు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఇంటికి సరిపడే పద్ధతి పోర్ట్ మిర్రరింగ్, అంటే ఒక పోర్టులో పోయే ప్యాకెట్ల నకలు ఇంకో పోర్టుకి పంపడం. ఐదు పోర్టుల చిన్న మేనేజ్డ్ (సెట్టింగ్స్ మార్చుకోగల) స్విచ్‌లలో ఈ సదుపాయం ఉంటుంది. టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ105ఈ అలాంటిదే. ఆపరేటర్ ఇచ్చిన డబ్బా నుంచి వచ్చే తీగ ఒకటో పోర్టుకి, ఇంట్లోకి పోయే తీగ రెండో పోర్టుకి, క్యాప్చర్ మెషిన్ ఐదో పోర్టుకి పెట్టాలి. సెట్టింగ్స్‌లో ఒకటో పోర్టుని మాత్రమే, రాక పోక రెండూ, ఐదుకి మిర్రర్ చేయాలి. ఒకటినీ రెండునీ కలిపి చేస్తే ప్రతి ప్యాకెట్ రెండేసి సార్లు పడుతుంది, వైర్‌షార్క్ వాటన్నిటినీ రీట్రాన్స్‌మిషన్లు (మళ్ళీ పంపినవి) అనుకుని నలుపు రంగు పూస్తుంది. ఇప్పటికే అలా పట్టేసి ఉంటే వైర్‌షార్క్‌తో వచ్చే ఎడిట్‌క్యాప్‌ని స్మాల్ డి ఆప్షన్‌తో నడపండి, పక్కపక్కనే ఉన్న నకళ్ళు తీసేస్తుంది.

మన ఇళ్ళలో ఎక్కువమంది పడే గొయ్యి వేరే ఉంది. ఫైబర్ వచ్చి చేరే డబ్బాయే రౌటర్, అదే వైఫై కూడా. ఫోన్ గాలిలో డబ్బాకి చేరుతుంది, డబ్బా నుంచి నేరుగా ఫైబర్‌లోకి పోతుంది, మధ్యలో మన స్విచ్ గడప తొక్కదు. మిర్రర్ ఎంత చక్కగా పెట్టినా ఫోన్లు కనిపించవు. దీనికి మందు: డబ్బాలో వైఫై ఆపేసి, స్విచ్ వెనక ఇంకో వైఫై రౌటర్ పెట్టి, దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే ఇచ్చేలా) నడపడం. ఈ మోడ్ మార్చడం మర్చిపోతే ఆ రౌటర్ తన సొంత నాట్ (అడ్రస్‌ల మార్పిడి) చేసి ఇంట్లోవాళ్ళందరినీ ఒకే ఐపీ అడ్రస్ వెనక దాచేస్తుంది. ఎవరి ఫోన్ ఏం చేస్తోందో ఇక చెప్పలేం.

ల్యాన్ (ఇంటి లోపలి) వైపు కాకుండా బయటి వైపు పట్టాలంటే డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి ప్యాకెట్లు దాటించేలా) పెట్టి, ఆపరేటర్ అడిగే పీపీపీఓఈ లాగిన్ మన రౌటర్‌తో చేయించాలి. ఆ రెండింటి మధ్య స్విచ్ పెడితే మొదట కనిపించేది డిస్కవరీ, అంటే అవతలి సర్వర్‌ని వెతికే ఘట్టం: పాడి, పాడో, పాడ్ఆర్, పాడ్ఎస్ అనే నాలుగు ప్యాకెట్లు. ఇక్కడ "హోస్ట్ ఫలానా అడ్రస్" అని క్యాప్చర్ ఫిల్టర్ (ఏవి పట్టాలో చెప్పే షరతు) రాస్తే ఒక్క ప్యాకెట్ కూడా పడదు. ఐపీ హెడర్ 8 బైట్లు వెనక్కి జరిగింది కదా, ఫిల్టర్ పాత చోటే వెతుకుతుంటుంది. ముందు "పీపీపీఓఈఎస్ అండ్" అని చేర్చండి. ట్యాగ్ చేసిన వీల్యాన్ (ఒకే తీగ మీద విడదీసిన నెట్‌వర్క్) లోనూ ఇదే తంతు, అక్కడ "వీల్యాన్ అండ్". బయటి వైపు మీకొచ్చిన అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఆపరేటర్ నాట్ వెనక ఉన్నారన్నమాట. బయట నుంచి మీ ఇంటి సీసీ కెమెరాకి నేరుగా దారి లేకపోవడం అందుకే.

మిర్రర్‌కి ఓ హద్దుంది. గిగాబిట్ పోర్టులో రాక ఒక గిగాబిట్, పోక ఇంకో గిగాబిట్ వెళ్ళగలవు. మిర్రర్ పోర్టు నుంచి బయటికొచ్చేది ఒక్క గిగాబిటే. మిగిలింది స్విచ్ చెప్పాపెట్టకుండా పారేస్తుంది. వంద, రెండొందల ఎంబీపీఎస్ ఇంటి ప్లాన్‌కి ఈ బెడద రాదు. ఇంట్లోనే స్టోరేజ్ బాక్స్ నుంచి సినిమాలు కాపీ చేస్తుంటే వస్తుంది.

వైఫైని గాలిలోంచే పట్టడం ఇంకో లోకం. మానిటర్ మోడ్‌కి (గాలిలో పోయేదంతా వినే పద్ధతికి) ఒప్పుకునే అడాప్టర్ కావాలి, అది ఒకసారికి ఒక్క చానలే వింటుంది. సొంత వైఫై అయినా, డబ్ల్యూపీఏ2 అనే వైఫై తాళంలో పాస్‌వర్డ్ తెలిసినా, ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పటి నాలుగు ఈఏపీఓఎల్ (తాళంచెవి కుదుర్చుకునే) ప్యాకెట్లు చిక్కకపోతే లోపలిది చదవలేం. డబ్ల్యూపీఏ3లో పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే ఆ నాలుగు చిక్కినా చదవలేం. మొదటి ఆర్నెల్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ల్యాప్‌టాప్ చెప్పే అబద్ధాలు

ప్యాకెట్ పంపే మెషిన్‌లోనే క్యాప్చర్ పెడితే రెండు వింతలు కనిపిస్తాయి. ఒకటి, మీరు పంపే ప్యాకెట్ల చెక్‌సమ్ (సరిచూసుకునే అంకె) అన్నీ తప్పుగా ఉంటాయి. చెక్‌సమ్ వేసే పని నెట్‌వర్క్ కార్డుది, టీసీపీడంప్ ఆ ప్యాకెట్‌ని అంతకుముందే చూసేసింది. రెండు, ఈథర్‌నెట్ ఫ్రేమ్ క్యాప్చర్‌లో 1514 బైట్లకి మించకూడదు కదా, మీ ఫైల్‌లో 2962, 5858, ఒక్కోసారి అరవై వేల బైట్ల "ప్యాకెట్లు" ఉంటాయి. అవి తీగ మీద ఎన్నడూ నడవలేదు. కార్డు ముక్కలు చేయబోయే మూటలూ, వచ్చిన ముక్కల్ని కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కట్టిన మూటలూ అవి. లినక్స్‌లో ఈటీహెచ్‌టూల్ కమాండ్‌కి క్యాపిటల్ కె ఇచ్చి, ఈ మూటలకి కారణమైన టీఎస్ఓ, జీఎస్ఓ, జీఆర్ఓ సదుపాయాలు మూడూ ఆఫ్ చేస్తే నిజరూపం కనిపిస్తుంది. మిర్రర్ పోర్టులో వినే మెషిన్‌లోనూ జీఆర్ఓ ఆపాలి. చాలామంది ఇది వదిలేస్తారు.

ఎంత పట్టాలి, ఎక్కడ దాచాలి

వంద ఎంబీపీఎస్ లైను నిండుగా నడిస్తే సెకనుకు 12.5 ఎంబీ, గంటకి 45 జీబీ. ఏ ఇల్లూ రోజంతా అలా నడవదు. రోజుకి 15 జీబీ వాడే ఇంటికి ఫైల్ కూడా అటూఇటూగా అంతే అవుతుంది. అందులో సింహభాగం ఎన్‌క్రిప్ట్ అయిన వీడియో, చదవడానికి పనికిరాదు, జిప్ చేసినా తగ్గదు. కాబట్టి ప్రతి ప్యాకెట్‌లో మొదటి 128 బైట్లే ఉంచుకోవచ్చు. టీసీపీడంప్‌లో స్మాల్ ఎస్ 128. ఈథర్‌నెట్ 14, ఐపీవీ6 40, టీసీపీ ఆప్షన్లతో కలిపి 32, వెరసి 86, కనుక హెడర్లన్నీ దక్కుతాయి. డౌన్‌లోడ్ ఎక్కువున్న ఇంట్లో ఫైల్ దాదాపు ఎనిమిదో వంతుకి దిగుతుంది.

నష్టమేమిటంటే డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ చెప్పే) జవాబులు, డీహెచ్‌సీపీ (ఇంట్లో వస్తువుకి అడ్రస్ ఇచ్చే) మాటలు, టీఎల్ఎస్ (డేటాకి తాళం వేసే పద్ధతి) మొదటి పలకరింపు మధ్యలో తెగిపోతాయి. అందుకని రెండు క్యాప్చర్లు సమాంతరంగా నడపండి. అన్నిటికీ 128 బైట్లది ఒకటి. డీఎన్ఎస్, డీహెచ్‌సీపీ, వస్తువుల పరిచయాలు నడిచే 53, 67, 68, 5353, 1900 యూడీపీ పోర్టులకి కోత లేకుండా ఇంకోటి. రెండోది రోజుకి కొద్ది ఎంబీలే అవుతుంది, దాచుకునే సరుకంతా నిజానికి అందులోనే ఉంటుంది. కొత్త వస్తువు ఇంట్లోకొచ్చిన క్షణం డీహెచ్‌సీపీలో తన పేరు చెప్పుకుంటుంది. 55వ ఆప్షన్‌లో ఏమేం కావాలో ఒక వరసలో అడుగుతుంది. ఆ వరస చూసి అది ఆండ్రాయిడా, విండోసా, సీసీ కెమెరానా అని చాలావరకూ పోల్చుకోవచ్చు. నెట్‌వర్క్ కార్డు నంబరైన మ్యాక్ అడ్రస్‌లో రెండో అంకె 2, 6, ఏ, ఈలలో ఒకటైతే అది ఫోన్ అప్పటికప్పుడు కల్పించుకున్న అడ్రస్, దాంతో తయారీదారుని వెతకడం దండగ. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగా చేసే పనే ఇది.

ఫైళ్ళని రింగ్‌లా తిప్పాలి. టీసీపీడంప్‌లో క్యాపిటల్ సి 100, క్యాపిటల్ డబ్ల్యు 200 అంటే వంద ఎంబీ ఫైళ్ళు రెండొందలు, మొత్తం 20 జీబీ. నిండగానే పాతదాని మీద కొత్తది రాస్తుంది. "పర్మిషన్ డినైడ్" వస్తే కంగారు పడక్కర్లేదు. డెబియన్, ఉబుంటుల్లో టీసీపీడంప్ రూట్ (సర్వాధికార) హక్కులు వదిలేసి తన పేరుతోనే ఉన్న యూజర్‌గా మారిపోతుంది. ఆ యూజర్‌కి ఫోల్డర్‌లో రాసే హక్కు ఇస్తే సరి. వైర్‌షార్క్‌ని మాత్రం రూట్‌గా తెరవొద్దు. వందలాది ప్రోటోకాల్స్ విడదీసే కోడ్‌లో బగ్‌లు బయటపడుతూనే ఉంటాయి, చెడ్డ ప్యాకెట్ ఒకటి చాలు. యూజర్‌ని వైర్‌షార్క్ గ్రూపులో చేర్చి వాడుకోవాలి.

క్యాప్చర్‌కి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ సరిపోతుంది, మెమరీ కార్డు మీద కాకుండా యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ మీద రాయాలి, రాత్రింబగళ్ళు రాస్తే కార్డు నెలల్లో పోతుంది. దాన్ని అటక మీద పెట్టకండి. 80 డిగ్రీలు తగిలితే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, మే నెల బెజవాడ అటక దాన్ని అక్కడిదాకా తీసుకెళ్ళడం కష్టమేం కాదు. వేగం తగ్గితే ప్యాకెట్లు జారతాయి. టీసీపీడంప్ ఆపినప్పుడు చివర్లో "డ్రాప్డ్ బై కెర్నెల్" అని ఓ అంకె చూపిస్తుంది. అది సున్నా కాకపోతే ఆ ఫైల్ పక్కన రాసిపెట్టుకోండి.

కరెంటు కోతతో ఇంకో తంటా. పై 4లో బ్యాటరీ గడియారం లేదు. కరెంటొచ్చి లేచాక, నెట్ నుంచి టైమ్ తెచ్చే ఎన్‌టీపీ అందేదాకా పాత టైమే నడుస్తుంది, అందాక ఒక్కసారిగా ముందుకి గెంతుతుంది. ఆ సందులో పట్టిన ప్యాకెట్లకి తప్పు టైమ్ పడుతుంది. టైమ్ సరిపడ్డాకే క్యాప్చర్ మొదలయ్యేలా సర్వీస్ రాసుకోవాలి, లేదా డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి తగిలించాలి. కోతలో మధ్యలో తెగిన ఫైల్‌ని పారేయక్కర్లేదు. వైర్‌షార్క్ "కట్ షార్ట్" అని హెచ్చరించి, తెగిన చోటుదాకా చూపిస్తుంది. దాన్ని వేరే పేరుతో సేవ్ చేస్తే చివరి ప్యాకెట్ ముక్క తప్ప అంతా దక్కుతుంది. టీసీపీడంప్‌కి క్యాపిటల్ యు ఇస్తే ప్రతి ప్యాకెట్ వెంటనే ఫైల్‌లోకి పోతుంది, నష్టం తక్కువ.

లైనుదా, వైఫైదా

ఇప్పుడు మొదటి తగవు తీర్చవచ్చు. మన మిర్రర్ డబ్బాకీ యాక్సెస్ పాయింట్‌కీ మధ్య ఉంది. ఫోన్ టీసీపీ కనెక్షన్ మొదలుపెడితే మూడు ప్యాకెట్లు మన ముందు నుంచి పోతాయి: ఫోన్ పంపిన సిన్, సర్వర్ పంపిన సిన్-యాక్, ఫోన్ తిరిగి పంపిన యాక్. సిన్‌కీ సిన్-యాక్‌కీ మధ్య కాలం బయటి లోకానిది. సిన్-యాక్‌కీ యాక్‌కీ మధ్య కాలం మన వైఫైదీ ఫోన్‌దీ. ఉదాహరణకి మొదటిది 18 మిల్లీసెకన్లు, రెండోది 140 అనుకోండి, ఆపరేటర్ మాటే నిజం. మొదటిది 140, రెండోది 3 అయితే మీ మాట. వైర్‌షార్క్‌లో ఒక స్ట్రీమ్‌ని (ఒక కనెక్షన్‌ని) ఫిల్టర్ చేసి, టైమ్ కాలమ్‌ని "ముందు చూపించిన ప్యాకెట్ నుంచి" అనే పద్ధతికి మారిస్తే ఈ రెండంకెలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక్క హ్యాండ్‌షేక్‌తో (ఈ మూడు ప్యాకెట్ల వరసతో) తీర్పు చెప్పకూడదు. ఫోన్ వైఫై కునుకు తీస్తుంటే అప్పుడప్పుడూ వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే. పొద్దున ఓ యాభై, రాత్రి ఓ యాభై చూస్తే తేడా తెలిసిపోతుంది. అపార్ట్‌మెంట్లలో రాత్రి 2.4 గిగాహెర్ట్జ్ ఇరుకు ఈ రెండో అంకెలోనే బయటపడుతుంది.

అడ్డంకి ఒకటుంది. ఇప్పుడు వీడియోల్లో చాలాభాగం టీసీపీ కాదు, యూడీపీ 443 మీద నడిచే క్విక్ అనే పద్ధతి. అందులో ఈ మూడు ప్యాకెట్ల వరస ఉండదు. కొలిచేంతసేపూ రౌటర్‌లో యూడీపీ 443ని ఆపేయండి, బ్రౌజర్లు వెనక్కి తగ్గి టీసీపీకి వస్తాయి.

బయటి అంకెకి ఫిజిక్స్ ఒక కనీస ధర పెట్టింది. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. విజయవాడ నుంచి ముంబైకి సరళరేఖ గీసినా 850 కిలోమీటర్ల పైమాటే, రానూపోనూ 8 మిల్లీసెకన్లకి తక్కువలో రాదు. ముంబై అడ్రస్ అని ఏదో వెబ్‌సైట్ చెప్పిన సర్వర్ 3 మిల్లీసెకన్లలో పలికితే అది ముంబైలో లేదు, దగ్గర్లోనే నకళ్ళు దాచే ఏదో క్యాష్ సర్వర్.

ప్యాకెట్ పోయిందా, మనమే పట్టలేకపోయామా అన్నది రెండో పెద్ద ప్రశ్న. "ప్రీవియస్ సెగ్మెంట్ నాట్ క్యాప్చర్డ్" అనే వైర్‌షార్క్ హెచ్చరిక రెండిట్లోనూ వస్తుంది. తర్వాతి వరసలు చూడాలి. నిజంగా పోతే అందుకోవాల్సినవాడు పాత నంబరే పట్టుకుని డూప్లికేట్ యాక్‌లు (ఇక్కడిదాకే అందిందనే జవాబు మళ్ళీ మళ్ళీ) పంపుతాడు, మూడయ్యాక రీట్రాన్స్‌మిషన్ వస్తుంది. డూప్లికేట్లే లేకుండా "యాక్డ్ అన్‌సీన్ సెగ్మెంట్" అని వస్తే అవతలివాడికి అంది, మన ఫైల్‌కి అందలేదు. తప్పు మన స్విచ్‌లోనో డిస్క్‌లోనో ఉంది. దీన్ని పట్టించుకోకుండా "లైనులో లాస్ ఉంది" అని ఆపరేటర్‌తో గొడవకి దిగితే పరువు పోతుంది.

కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తెల్లమొహం వేస్తుంటే అది సాధారణంగా ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) కేసు. పీపీపీఓఈ 8 బైట్లు తినేస్తుంది కనుక 1500 పట్టే చోట 1492 మిగులుతుంది, ఎంఎస్ఎస్ (అందులో డేటా భాగం) 1452 కావాలి. రౌటర్ ఈ అంకెని సిన్ ప్యాకెట్లలో సర్దాలి. సిన్-యాక్ తెరిచి ఎంఎస్ఎస్ చూడండి. అది 1460గానే ఉండి, హ్యాండ్‌షేక్ అయ్యి, మీ పలకరింపుకి యాక్ వచ్చి, ఆపైన సర్వర్ నుంచి వచ్చే పెద్ద ప్యాకెట్లు మాత్రం రాకపోతే దొంగ దొరికినట్టే. ఫ్రాగ్మెంట్ చేయొద్దన్న గుర్తుతో 1464 బైట్ల పింగ్ కొడితే పోవాలి, 1472 పోకూడదు. 28 బైట్ల హెడర్లు కలుపుకుంటే 1492, 1500 అవుతాయి.

తాళం వేసిన ప్యాకెట్లలో ఏం మిగిలింది

2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3 సర్టిఫికెట్‌ని కూడా దాచేసింది. సైట్ పేరు మాత్రం మొదటి పలకరింపులో ఎస్ఎన్ఐగా ఇంకా చాలాచోట్ల బయటే ఉంటుంది. క్విక్‌లో ఆ మొదటి ప్యాకెట్‌కి తాళం వేసినా తాళంచెవి ప్యాకెట్‌లోని కనెక్షన్ ఐడీ నుంచే తయారవుతుంది కాబట్టి వైర్‌షార్క్ దానంతటదే తెరుస్తుంది. మీ సొంత బ్రౌజర్ ట్రాఫిక్ పూర్తిగా చదవాలంటే ఎస్ఎస్ఎల్‌కీలాగ్‌ఫైల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి ఒక ఫైల్ పేరు ఇచ్చి ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ తెరవండి, ఆ ఫైల్‌ని వైర్‌షార్క్ టీఎల్ఎస్ సెట్టింగ్‌లో చూపించండి. ఫోన్ యాప్‌లకి ఈ పద్ధతి కుదరదు. డీఎన్ఎస్ ఖాళీగా కనిపిస్తే ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ (డీఎన్ఎస్‌కీ తాళం) ఆన్ చేసి ఉందేమో, 853 పోర్టు చూడండి.

ఎవరి ప్యాకెట్లు, ఎవరికి ఇస్తాం

సొంత ఇంటి నెట్‌వర్క్, ఇంట్లోవాళ్ళకి చెప్పి. అంతవరకే. హాస్టల్, కాలేజీ, హోటల్ వైఫైలో అనుమతి లేకుండా ఇతరుల డేటా పట్టడం సరదా కిందికి రాదు. ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్లు అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లో చొరబడటానికీ డేటా తీసుకోవడానికీ వర్తిస్తాయి, మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పైపోర్షన్‌లో అద్దెకున్నవాళ్ళు మీ వైఫై వాడుతుంటే వాళ్ళకీ చెప్పాలి. చదువుకోవడానికి వేరేవాళ్ళ ట్రాఫిక్ కావాలంటే జపాన్‌లో వైడ్ ప్రాజెక్ట్ నడిపే మావి భాండాగారం ఉంది. రోజుకో పదిహేను నిమిషాల క్యాప్చర్, అడ్రస్‌లు మార్చి, లోపలి డేటా తీసేసి పెడతారు.

మీ ఫైల్ ఇంకొకరికి పంపేముందు ట్రేస్‌రాంగ్లర్ ప్రోగ్రామ్‌తో అడ్రస్‌లు మార్చడం సరే, అది చాలదు. పీపీపీఓఈ లాగిన్ పీఏపీ పద్ధతిలో జరిగితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ విప్పి ఫైల్‌లో పడి ఉంటాయి. డీహెచ్‌సీపీ, ఎండీఎన్ఎస్‌లలో "ఫలానా వారి ఫోన్" అని పేర్లు ఉంటాయి. గాలిలో పట్టిన ఫైల్‌లో ఆ నాలుగు ఈఏపీఓఎల్ ప్యాకెట్లు ఉంటే, అందుకున్నవాడు ఇంట్లో కూర్చుని వైఫై పాస్‌వర్డ్ ఊహించి సరిచూసుకోవచ్చు. మన దగ్గర చాలా ఇళ్ళలో వైఫై పాస్‌వర్డ్ ఇంటాయన సెల్ నంబరే. 6, 7, 8, 9లతో మొదలయ్యే పదంకెల నంబర్లు మొత్తం నాలుగు వందల కోట్లు. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకి పది లక్షలకి పైనే ప్రయత్నిస్తుంది, గంటా పది నిమిషాల్లో అన్నీ అయిపోతాయి. అందుకే పంపే ఫైల్‌లోంచి ఈఏపీఓఎల్‌ని ఫిల్టర్ చేసి తీసేసి, మిగిలినవే కొత్త ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఇప్పటికే ఎవరికైనా పంపేసి ఉంటే వైఫై పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి.